ఉత్తుత్తి ఏడుపు

తర్లుపాడు మండలం,
8 జులై 2024, సోమవారం

బుడ్డమ్మా,

బాగున్నావా అని అడగను. బాగున్నానంటే నాకు కోపమొస్తుంది, బాగలేనంటే ఏడుపొస్తుంది. రెండూ నాకిప్పుడు చేతకావు.

అమ్మ ఫోను ఎత్తడం లేదని యశోదత్తతో చెప్పినావంట. ఎత్తను. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసినా. దాన్ని ముట్టుకుంటే చాలు, మీ అన్న బయటికొచ్చి నవ్వుతాడు. "గొర్ల యల్లయ్య వచ్చినాడు, మీ చేలు జాగ్రత్త" అంటాడు. వాన్ని మట్టిలో పెట్టి నలభై రోజులైంది. ఫోనులో మాత్రం పంచె ఎగ్గట్టి ఎగురుతూనే ఉన్నాడు. ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా వాడి గొంతే. మొన్న నీళ్ళకు పోతే ఇద్దరు పిల్లలు వాడి వీడియో చూసి నవ్వుతున్నారు. నన్ను చూసి ఆపేసినారు. వాళ్ళు నవ్వినందుకు కోపం రాలేదు. ఆపినందుకు వచ్చింది. అందుకే కాగితం పట్టినా. ఐదు దాకా చదివినదాన్ని, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నిన్న మీ కెమెరా వెస్లీ వచ్చినాడు. వాకిట్లోనే నిలబడి గొణిగినాడు.

"పెద్దమ్మా, మార్కాపురంలో సభ పెడుతున్నారంట. పల్లెల్లో, చిన్న ఊర్లల్లో వీడియోలు, నాటకాలు, బొమ్మలు చేసేవాళ్ళందరినీ పిలుస్తారంట. యల్లయ్యన్న చివరి వీడియో తెర మీద వేస్తామంటున్నారు. అదే, బయటికి వదలని చావు వీడియో."

"ఎవరు పెడుతున్నారు?"

"వాళ్ళే పెద్దమ్మా."

వాళ్ళే అంటే, సీరియలు తీస్తామని, లోకల్ ఆర్టిస్టు కావాలని మీ అన్నను పలకల గని గుంత కాడికి తోడుకపోయినారే, ఆ హైదరాబాదు కంపెనీవాళ్ళు. తీసుకపోయింది కారులో. తెచ్చింది చాపలో. తనే జారి పడినాడని స్టేషన్లో రాయించినారు. ఇప్పుడు వాళ్ళే దండ వేస్తారంట.

నేను చీపురు తీసుకున్నా. వెస్లీ పరుగెత్తలేదు. తల వంచుకొని నిలబడినాడు. అందుకే కొట్టలేకపోయినా.

ఆ వీడియో నీ దగ్గరుంది. ఆ కథ రాసింది కూడా నువ్వే. ఎండకు గొర్లు తోలుకపోవడానికి బద్ధకించి చచ్చినట్టు పండుకున్న కాపరి, సంగటి వాసనకు లేచి కూచుంటాడు. భలే కథ. నవ్వొచ్చే కథ. వాన్ని నేల మీద చాపేసి పండబెట్టించినావు. ముక్కుల్లో దూది పెట్టించినావు. నన్ను పక్కన కూచోబెట్టి శోకాలు పెట్టించినావు. బతికున్న కొడుకు మీద తల్లి శోకం పెట్టింది బుడ్డమ్మా. ఇరవై రెండు రోజులు. అంతే పట్టింది నిజం కావడానికి.

చెరిపెయ్. ఎక్కడా మిగలకుండా చెరిపెయ్.

మచ్చల గొర్రె ఈనింది, రెండు పిల్లలు. ఆ గొర్రె ఎప్పుడు ఈనుతుందో చెప్పేవాడు మీ అన్నే. మీ నాయన గొర్లతో పోతాడు, గొర్లతో వస్తాడు, నోరు తెరవడు. వాన సరిగా పడలేదు, కందులు వెయ్యలేదు.

ఇట్లు
మీ అమ్మ చెంచమ్మ


హైదరాబాదు,
16 జులై 2024

అమ్మా,

నీ ఉత్తరం ఇచ్చి మా హాస్టల్ ఆమె "ఈ కాలంలో ఉత్తరాలేంటి ప్రసన్నా" అని నవ్వింది. నీ అక్షరాలు చూశాక నాకు నవ్వు రాలేదు. ప్రతి అక్షరం కాగితానికి అవతలి పక్క తేలింది. అంత గట్టిగా నొక్కి రాశావు.

ఒక సంగతి ముందే చెప్తాను. నేను ఆ కంపెనీలో పని చెయ్యడం లేదు. ఊళ్ళో అట్ల అనుకుంటున్నారని యశోదత్త చెప్పింది. నేను చేసేది పెళ్ళి వీడియోల దుకాణంలో. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఎవరివో తలంబ్రాలు కత్తిరించి అతికిస్తుంటాను. అన్నా నేనూ చానల్ పెట్టింది ఈ పని నాకు వచ్చు కాబట్టే. కంపెనీ కోసం కాదు.

ఆ వీడియో ఎవరికీ ఇవ్వను. వాళ్ళు నాకూ ఫోన్ చేశారు, కుదరదన్నాను. కానీ చెరపలేనమ్మా. చెరిపేముందు ఒకసారన్నా తెరిచి చూడాలి కదా. షూటింగ్ అయిన రోజు వెస్లీ తన దగ్గర ఉంచుకోకుండా నాకు పంపాడు, తీరిగ్గా చూద్దామని దాచాను. ఇప్పటిదాకా తెరవలేదు. తెరవడమూ రాదు, చెరపడమూ రాదు.

కథ నేనే రాశాను. కాదనను. కానీ తల్లి వేషం యశోదత్తకని రాశాను. కెమెరా అంటేనే కొంగు ముఖాన కప్పుకునేదానివి నువ్వు. ఆ రోజు నేను ఫోన్లో వద్దంటున్నా వినకుండా, "నా కొడుక్కు నేనుండగా ఇంకొకతె ఏడ్చేదేంది" అన్నావు. గుర్తుందా? ఎందుకు ఒప్పుకున్నావమ్మా? నన్ను తిట్టు, పడతాను. కానీ ఇది చెప్పు.

నాయనను చెప్పులేసుకొని తిరగమను, అడవిలో ముళ్ళు.

ప్రసన్న


29 జులై 2024

బుడ్డమ్మా,

ఎవరికీ ఇవ్వనన్నావు. ఇవ్వనన్నదానివి ఎట్ల ఇచ్చినావు?

గొర్లకు మందు తేవాలని యశోదా నేనూ మార్కాపురం పోయినాము. బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. దాని మీద మీ అన్న. కళ్ళు మూసుకున్న ముఖం. ఆ ముఖం ఎక్కడిదో నాకు తెలియదా? ఆ చాప మీద పండుకున్నప్పటిది. ముక్కుల్లో దూది తీసేసి చుట్టూ పూలు దిద్దినారు. కింద "గ్రామీణ హాస్య రత్నం" అని రాసినారు. వాడు బతికుండగా రత్నమని ఎవడన్నా అన్నాడా? గొర్ల కంపు కొడతావని బస్సులో పక్కన కూడా కూచోలేదు ఒకడు. చచ్చినాక రత్నమైనాడు.

నా సంచిలో అప్పుడే కక్కు కొట్టించి పదును పెట్టించిన కొడవలి ఉంది. ఫ్లెక్సీ పైకుంది, అందలేదు. కింద ఆగిన ఆటో ఎక్కినా. ఆటో అబ్బాయి "అవ్వా, పడతావు దిగు" అన్నాడు. "పడితే నీ మీదే పడతాలే, ఊరుకో" అన్నా. మధ్యలోకి చీల్చినా. హోంగార్డు ఉరుక్కుంటూ వచ్చినాడు.

"ఏందమ్మా ఇది? చింపితే కేసవుతుంది."

"ఇంకెవరన్నా చింపితే కేసు నాయనా. నేను వాన్ని కన్నదాన్ని."

అతను టోపీ తీసినాడు. కాని వెనకాల జనంలో ఎవడో ఒకడు, "గొర్ల యల్లయ్య వాళ్ళమ్మ రా, భలే చేస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టినారు?" అన్నాడు. అందరూ కెమెరా కోసం అటూ ఇటూ చూసినారు బుడ్డమ్మా. నేను చేతిలో కొడవలి పట్టుకొని నిలబడితే, నా ముఖం చూడకుండా కెమెరా కోసం చూసినారు. ఈ పని మొదలుపెట్టింది మీరే. నువ్వూ మీ అన్నా. మనం ఏడ్చినా ఎవడూ నమ్మకుండా చేసినారు.

ఎంతకు ఒప్పుకున్నావో నేను అడగను. ఆ సొమ్ము నా గడప తొక్కకూడదు.

నేనెందుకు ఒప్పుకున్నానో నీకు చెప్పాల్సిన పని లేదు.

చెంచమ్మ


6 ఆగస్టు 2024

అమ్మా,

నువ్వు "మీ అమ్మ" అని కూడా రాయలేదు. ఉత్త పేరు రాశావు. సరే.

నేను ఇవ్వలేదు. ఆ ఫోటో వెస్లీది. షూటింగ్ రోజు తన ఫోన్లో తీసుకున్నాడు. కంపెనీవాళ్ళు నివాళి అని చెప్పి అడిగితే పంపాడు. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఏడ్చి ఏడ్చి, ఇంకో మాట చెప్పాడు. ఆ రోజు గుంత దగ్గర వాణ్ణి అవతలి గట్టు మీద నిలబెట్టి, ఎండను అన్న మీదికి కొట్టే తెల్ల అట్ట పట్టుకోమన్నారంట. "మైకులో అన్నను వెనక్కి జరుగు, ఇంకొంచెం వెనక్కి అంటున్నారక్కా. ముందురోజు వాన పడింది. అన్న నా వైపు చూసినాడు. నేను అట్ట దించితే తిడతారని దించలేదు" అన్నాడు. స్టేషన్లో ఎందుకు చెప్పలేదురా అంటే, ఎవరూ అడగలేదన్నాడు.

నువ్వు వాణ్ణి చీపురుతో కొట్టకుండా వదిలేశావు. ఫోటో ఇవ్వని నన్ను మాత్రం అమ్ముకున్నదాన్ని చేశావు. అన్న నీకు కొడుకే. నాకు ఎవరు? ఈ పని నేర్చుకోమని కాలేజీ రోజుల్లో ఒంగోలు పంపి, తను గొర్లు కాసి, నేను రాసిన పిచ్చి మాటలన్నీ పలికి ఊరిని నవ్వించినవాడు. నేను వాడి చావు అమ్ముకుంటానా?

చెరిపేస్తాను. నువ్వు ఒక్క ముక్క "సరే" అని రాయి. అదందిన ఆదివారమే చెరిపేస్తాను. తర్వాత నన్ను ఏమీ అడగొద్దు.

ప్రసన్న


14 ఆగస్టు 2024

బుడ్డమ్మా,

సరే. చెరుపు. కాని ముందు ఇది చదువు.

ఏప్రిల్ ఆఖర్లో మీ అన్నను కాకి తన్నింది. మిట్టమధ్యాహ్నం, తొట్టి కాడ గొర్లకు నీళ్ళు పోస్తుంటే, నా కళ్ళ ముందే, నడినెత్తిన. వాడు నవ్వినాడు. "కాకులు కూడా మన చానల్ చూస్తున్నట్టుండాయే" అన్నాడు.

కాకి తంతే ఏం చెయ్యాలో మన ఇండ్లల్లో అందరికీ తెలుసు. దూరాన ఉన్న సొంత మనిషికి, వీడు పోయినాడని ఉత్తుత్తి కబురు పంపాలి. ఆ మనిషి నమ్మి గుండెలు బాదుకొని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. తర్వాత నిజం చెప్పి, కడుపునిండా అన్నం పెట్టి పంపాలి. నాకు పెళ్ళయిన కొత్తలో మీ నాయనను కాకి తంతే, మీ జేజి చంద్రశేఖరపురానికి కార్డు రాయించింది. మీ నాయన మేనత్త సౌభాగ్యమ్మ బస్సు దిగినకాడ నుంచి శోకాలు పెట్టుకుంటూ వచ్చింది. వాకిట్లో మీ నాయన సంగటి తింటున్నాడు. "చచ్చినోడివి తినేదేందిరా పిచ్చిగా" అని చెప్పు విసిరింది. చెప్పు పోయి పప్పులో పడింది. తర్వాత ఆమె కూడా కూచొని నాలుగు ముద్దలు తినింది. మీ నాయన ఇదో, ఇప్పటికీ గొర్లు కాస్తున్నాడు.

ఈ కాలంలో ఎవరికి పంపేది? చావు కబురు పంపితే వెంటనే ఫోను చేస్తారు, ముఖం చూపించమంటారు. దూరాన ఉన్న సొంత మనిషి నువ్వొక్కదానివే. నీకే పంపాల్సింది. రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకొని కూచున్నా. రూములో ఒక్కదానివి, ఆ మాట విని ఏమైపోతావోనని నోరు రాలేదు. అంతలో నీ కథ వచ్చింది. చచ్చినట్టు పండుకున్న కొడుకు, ఏడ్చే తల్లి. దేవుడే పంపినాడనుకున్నా. నీకు బదులు నేను ఏడిస్తే సరిపోతుందనుకున్నా.

సరిపోదు బుడ్డమ్మా. ఏడ్చేవాళ్ళకు అబద్ధమని తెలియకూడదు. నాకు తెలుసు. వెస్లీ రెడీ అన్నాక ఏడ్చినదాన్ని నేను. అది ఏడుపే కాదు. గండాన్ని కూడా వీడియోతో తోలేద్దామనుకున్న పిచ్చిదాన్ని. ఉత్తుత్తి కబురు నీకు పంపలేకపోయినా. చివరికి నిజం కబురే పంపాల్సి వచ్చింది. అది కూడా నా నోటితో చెప్పలేక వెస్లీతో చెప్పించినా.

అందుకే అది చెరపమన్నది. అది నా తప్పుకు సాక్ష్యం. నా మీద నేను అరిస్తే మీ నాయన భయపడతాడని నీ మీద అరిచినా.

అమ్మ


24 ఆగస్టు 2024

అమ్మా,

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. ఆ రోజు వెస్లీ ఫోన్ చేసి "అక్కా, అన్న పోయినాడు" అంటే నేను నవ్వాను. వీడియో కోసం అనుకున్నాను. "ఏడుపు సరిగ్గా రాలేదు వెస్లీ, ఇంకోసారి చెప్పు" అన్నాను. వాడు ఇంకోసారి చెప్పాడు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నువ్వు నాకు ఉత్తుత్తి కబురు పంపినా నేను నమ్మేదాన్ని కాదమ్మా. ఏడ్చేదాన్నీ కాదు. కాబట్టి ఆ బరువు దించుకో.

ఆదివారం చెరుపుదామని కూచున్నాను. తెరిచాను. చూశాను. నువ్వు చూడలేవు కాబట్టి, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదట అంతా నేను రాసినట్టే ఉంది. అన్న చాప మీద పడుకున్నాడు, కడుపు కొంచెం కదులుతూనే ఉంది. నువ్వు కొంగు నోట్లో పెట్టుకొని కెమెరా వైపు దొంగచూపులు చూస్తున్నావు. తర్వాత "మందనెవరికి ఒప్పజెప్పి పోతివి నాయనా, మచ్చలది నీ కోసం అరుస్తుందే" అన్నావు. అది నేను రాసిన మాట కాదు. అక్కడి నుంచి నువ్వు కెమెరా వైపు చూడలేదు.

కథ ప్రకారం అన్న కళ్ళు తెరిచి "అమ్మా, సంగటి వాసనొస్తుంది" అనాలి. అన్నాడు. నువ్వు గరిటె తీసుకొని కొట్టాలి. కొట్టలేదు. ఏడుస్తూనే ఉన్నావు. మళ్ళీ అన్నాడు. లేచి కూచున్నాడు. ముక్కుల్లో దూది పీకేసి నీ భుజాలు పట్టుకున్నాడు. "అమ్మా, నేనే. నా దిక్కు చూడు. ఇది వీడియోనే" అన్నాడు. నువ్వు అన్న వైపు చూడలేదమ్మా. ఖాళీ చాపను చూసి, దాన్ని చేత్తో తడుముతూ ఏడుస్తున్నావు. "ఆపురా వెస్లీ, అమ్మకు తెలియడం లేదు" అని అన్న గట్టిగా అరిచాడు. వెస్లీ కెమెరా నేల మీద పెట్టేసి పరుగెత్తాడు. ఆపడం మరిచిపోయాడు.

ఆ తర్వాత పాదాలూ చాప అంచూ తప్ప ఏమీ కనబడవు. మాటలు వినబడతాయి. అన్న నీకు నీళ్ళు తాగిస్తున్నాడు. చాలాసేపటికి నువ్వు "సంగటి పెడతా, ఉండు" అన్నావు. పళ్ళెం చప్పుడు. అన్న తింటూ "కారమెక్కువైందే" అన్నాడు. నువ్వు "చచ్చి లేచినోడికి రుచులొకటా" అన్నావు. ముగ్గురూ నవ్వారు.

నీకు గుర్తున్నది వెస్లీ రెడీ అన్న దాకే. తర్వాతది నీకు గుర్తులేదు. అది ఉత్తుత్తి ఏడుపు కాదమ్మా. నీకు అబద్ధమని తెలియదు. నేను చూశాను.

చెరపలేదు. ఇప్పుడు చెప్పు, చెరపమంటావా?

నీ బుడ్డమ్మ


4 సెప్టెంబరు 2024

బుడ్డమ్మా,

చెరపొద్దు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. తర్వాత మీ నాయనకు చదివి వినిపించినా. "చచ్చి లేచినోడికి రుచులొకటా" కాడికి రాగానే లేచి పందిట్లోకి పోయినాడు. ఆ పూట గొర్లు తోలుకపోలేదు.

అయితే నేను నిజంగానే ఏడ్చినా. నిజంగా ఏడ్చినా వాడు పోయినాడు. కాకి తన్నినందుకు కాదు, నా ఏడుపు చాలక కాదు, నీ కథ వల్లా కాదు. వానకు నానిన పలకరాయి సబ్బు మాదిరి ఉంటుంది. మన గొర్రె కూడా ఆ అంచున నిలబడదు. అక్కడ నిలబెట్టి వెనక్కి జరుగు, వెనక్కి జరుగు అన్నందుకు పోయినాడు. ఇన్ని నాళ్ళు నేను నన్ను తిట్టుకొని, నిన్ను తిట్టి, కాకిని తిట్టి కూచుంటే, వాళ్ళకు హాయిగా ఉండింది.

మొన్న ఆదివారం మార్కాపురంలో సభ అయింది. పిలవకపోయినా పోయినాము, మీ నాయనా, నేనూ, వెస్లీ. కల్యాణమండపం నిండా నీలాంటి పిల్లలే. గిద్దలూరు వాళ్ళు, దొనకొండ వాళ్ళు, వీడియోలు తీసేవాళ్ళు, పలకల మీద బొమ్మలు గీసేవాళ్ళు. నన్ను చూడగానే కంపెనీ ఆయన వేదిక మీదికి పిలిచి శాలువా కప్పబోయినాడు. "అమ్మగారూ, యల్లయ్య గారి గురించి రెండు మాటలు" అని మైకు ఇచ్చినాడు. గారంట.

నేను రెండే మాటలు చెప్పినా. "ఆ రోజు గుంత కాడ మీరు మూడు కెమెరాలు పెట్టినారంట. మా దగ్గర నా కొడుకు ఉత్తుత్తి చావు ఉంది, మీ దగ్గర నిజం చావు ఉంది. ముందు మీది ఈ తెర మీద వెయ్యండి. వెనక్కి జరగమన్నది ఎవరో అందరం విందాము. తర్వాత మాది అడగండి."

మైకు ఆపేసినారు. ఆపినా నా గొంతు నీకు తెలుసు కదా, గొర్లను మలిపే గొంతు. మళ్ళీ అన్నా. కంపెనీ ఆయన "అమ్మగారు బాధలో ఉన్నారు" అని జనానికి చెప్పబోయినాడు. అప్పుడు మీ నాయన లేచినాడు. మూడు నెలల నుంచి మాట్లాడని మనిషి. "వెయ్యండి" అన్నాడు. ఒక్క మాటే. గిద్దలూరు పిల్ల ఒకతె లేచి "అవును సార్, వెయ్యండి" అనింది. తర్వాత ఇంకొకడు. తర్వాత ఎంతమంది లేచినారో నేను చూడలేదు. తెర మాత్రం చుట్టేసినారు. శాలువా నేల మీదే పడి ఉంది, తొక్కుకుంటూ దిగినా.

నిన్న వెస్లీని తోడుకొని స్టేషనుకు పోయినాము. మైకులో విన్నది విన్నట్టు చెప్పినాడు. రాసుకున్నారు. ఏమైతుందో తెలియదు. రాసుకున్న కాగితం నకలు ఇచ్చేదాకా మీ నాయన బెంచీ మీద నుంచి లేవలేదు. కంపెనీవాళ్ళు వాళ్ళ వీడియో చెరిపేస్తారేమో, చెరపకుండా ఏం చెయ్యాలో నీకే తెలుసు, నీ పనే అది. తెలిసినవాళ్ళను అడుగు. నా కోపం ఇంక నీ మీద ఖర్చు పెట్టను. ఆ కంపెనీవాళ్ళకే దాచిపెట్టుకున్నా.

మనది దాచు. ఎవరికీ ఇవ్వొద్దు. ఈ గొడవ తెగినాక మన బడి గోడ మీద మనమే వేద్దాము. ఏడుపు కాడ ఆపకుండా, వాడు సంగటి తినేదాకా వెయ్యి. పాదాలు కనబడినా చాలు. వాడి మాట వినబడుతుంది కదా.

ఫోను ఇంకా డబ్బాలోనే ఉంది. నువ్వొచ్చినప్పుడు తీద్దువు. మచ్చల దాని పిల్లలు గంతులేస్తున్నాయి, కందులు మొలిచినాయి.

వెస్లీ ఫోన్ చేసినప్పుడు నవ్వినందుకు కుమిలిపోవద్దు. మీ అన్న వింటే వాడూ నవ్వేవాడే.

సన్నబడినావని యశోద చెప్పింది. ఒక్కదానివే కదా అని రెండు ముద్దలకే చెయ్యి కడుక్కొని పండుకోవద్దు. మూడు పూటలా కడుపునిండా తిను.

మీ అమ్మ